రెండు చేటల తవుడు

నన్ను ఒక చేటెడు తవుడికి కొన్నారని నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. నా పేరు చెప్పను గాని అందులోనూ తవుడు ఉంది. మా వైపు అలాంటి పేర్లకు కొదవ లేదు. బడిలో ఆ పేరు పిలిస్తే ముగ్గురం ఒక్కసారే "అండీ" అనేవాళ్లం. మిగతా ఇద్దరూ ఆ పేరును పాత చొక్కాలా తొడుక్కుని హాయిగా తిరిగేవారు. నాకు మాత్రం అది రసీదులా ఉండేది. ఎప్పుడో ఒకరోజు ఎవరో వచ్చి అది చూపించి సరుకు వెనక్కి ఇమ్మంటారని నా భయం.

అరవైల చివరి మాట ఇది. ఆమదాలవలసకు కోసెడు దూరంలో మా ఊరు. పల్లంలో వరి, మెట్టలో గోగు. నాకు ఆరు దాటి ఏడు నడుస్తోంది.

మా అయ్య కొట్టే మనిషి కాదు, తిట్టే మనిషీ కాదు. ఊళ్లో తక్కిన తండ్రుల చేతిలో బెత్తం ఉంటే మా అయ్య నోట్లో నాలుక ఉండేది. ఒకసారి రైల్లో విజయనగరం వెళ్తుంటే నా చెవి దగ్గర వంగి, "కాళ్లు గట్టిగా అదిమి కూకో. పిల్లలున్న పెట్టెలో బిరేకు పిల్లలే తొక్కాల. నేపోతే బండి ఆగదు," అన్నాడు. విజయనగరం వచ్చేదాకా రెండు కాళ్లూ నేలకు అదిమిపట్టి, పళ్లు బిగించి కూర్చున్నాను. బండి ఆగింది. దిగిపోతున్న జనంలో ఒక్కరైనా నా వైపు తిరిగి దణ్ణం పెట్టలేదని చిన్నబుచ్చుకున్నాను కూడా.

ఇంకోసారి పుచ్చకాయ గింజ మింగేశాను. మింగానని చెప్పడం నా తప్పు. మర్నాడు మధ్యాహ్నం నిద్ర లేచేసరికి చెవిలో ఏదో దురద. అయ్య వంగి చూసి, "ఓలమ్మో, మొలకొచ్చీసినాదే!" అన్నాడు. చెవిలోంచి తెల్లటి మొలక ఒకటి మెల్లగా లాగి నా కళ్ల ముందు పెట్టాడు. నేను కెవ్వుమన్నాను. ఆయన దాన్ని నోట్లో వేసుకుని నమిలాడు. పెసర మొలక! నా బుర్రలో పండిన మొదటి పంట అదే, ఆఖరి పంటా అదే.

ఇలాంటివి ఒక పూట భయాలు. అమ్మ వెంటనే అడ్డొచ్చేది. "ఊరుకో బావా, గుంట దడుసుకుంటాది," అనేది. అయ్య నవ్వేవాడు, నేను ఏడుస్తూ నవ్వేదాన్ని, అక్కడికి అయిపోయేది.

తవుడు మాట అలా కాదు.

ఇంటికి ఎవరైనా చుట్టం వచ్చి నన్ను చూసి, "మీ గుంటేనా?" అంటే అయ్యకు పండగే. "మాదెక్కడిది బావా! దంపుళ్ల మామ్మ కాడ కొన్నాం. సేటెడు తవుడు. ఆ ఏడు గేదె వట్టిపోయినాది, తవుడు మిగిలిపోయినాది. పారబోయలేక దీన్ని తెచ్చుకున్నాం." చుట్టం నవ్వేవాడు. నేను అమ్మ వైపు చూసేదాన్ని. మొలకకు అడ్డొచ్చిన అమ్మ, రైలుకు అడ్డొచ్చిన అమ్మ, ఈ ఒక్క మాటకు మాత్రం అడ్డొచ్చేది కాదు. తల వంచుకుని పొయ్యిలోకి పుల్ల ఎగదోసేది.

ఒకరోజు ఇంట్లో ఎవరూ లేనప్పుడు ధైర్యం చేసి అడిగాను. "అమ్మా, నాను నీ పిల్లనేనా, కాదా?"

అమ్మ చేతిలో చేట ఆగింది. గుమ్మం వైపు చూసింది. తర్వాత పైకప్పు వైపు చూసింది. అక్కడ ఎవరో కూర్చుని మా మాటలు వింటున్నట్టు చూసింది. అప్పుడు గట్టిగా, పెరట్లోకి కూడా వినబడేలా, "తవుడికి కొన్న గుంటవి. ఎల్లి ఆడుకో," అంది.

నవ్వలేదు. అయ్య అంటే వేళాకోళం అనుకోవచ్చు. అమ్మ నవ్వకుండా అంటే ఇంకేం అనుకోను?

ఆ రోజు నుంచి నాకు సాక్ష్యాలు కనబడటం మొదలైంది. మా ఇంట్లో కొత్త గుడ్డకు లోటు లేదు, అయినా నాకు మాత్రం ఎవరింటి నుంచో అడిగి తెచ్చిన పాత పొందూరు పంచె చింపి గౌన్లు కుట్టించేది అమ్మ. పుట్టినప్పటి నుంచీ అంతే. ఆదివారం వస్తే అరసవల్లి దేవుడి పేరు చెప్పి ఉప్పు లేని కూడు తినేది. "ఎవరి కోసమమ్మా?" అంటే, "ఎవరో ఒకరి పిల్ల సల్లగుండాలని," అనేది. ఎవరో ఒకరి పిల్ల! ఆ పిల్ల ఎవరో గాని పెట్టి పుట్టిందని కుళ్లుకునేదాన్ని.

అన్నిటికీ మించిన సాక్ష్యం దంపుళ్ల మామ్మే. మిల్లు బియ్యం మా అయ్యకు పడేవి కావు. అందుకని పదిహేను రోజులకొకసారి పక్క పేట నుంచి ఆవిడ వచ్చి పెరట్లో రోలు దగ్గర నిలబడి వడ్లు దంచేది. ఎత్తుమనిషి. రోకలి పట్టీ పట్టీ అరచేతులు చెప్పు అట్టల్లా ఉండేవి. దంపు అయ్యేసరికి జుట్టు మీద, కనుబొమల మీద, కంటిరెప్పల వెంట్రుకల మీద కూడా తెల్లటి తవుడు పేరుకునేది. ఆ తెల్లటి రెప్పల కిందనుంచి నల్లటి కళ్లతో నన్ను వెతికేది.

"ఏదీ నా గుంట? బాగానే పెంచుతన్నావే కోడలా నా గుంటని."

అని గడ్డం పట్టుకునేది. ఆ వేళ్లు తగిలితే నా చర్మం వడ్లగింజ పొట్టులా లేచిపోతుందనిపించేది. అమ్మ ఆ మాటకూ ఏమీ అనేది కాదు. పైగా తలూపేది.

అప్పుడు నాకు నేనే ఒక ధైర్యం చెప్పుకున్నాను. దంపినందుకు కూలిగా మామ్మ తవుడూ నూకలూ తీసుకుపోయేది. అంటే తవుడు మా ఇంటి నుంచి ఆవిడ ఇంటికి పోతోంది. నన్ను కొన్నప్పుడూ అటే పోయింది. తవుడు అటు పోతున్నంత కాలం నాకు ఢోకా లేదు. ఇటు తిరిగి వచ్చిందా, నేను అటు పోవాల్సిందే. అందుకే ఆవిడ వచ్చిన ప్రతిసారీ అరుగు మీద నిలబడి ముందు గంపలోకి చూసేదాన్ని. ఖాళీగా ఉంటే ఊపిరి పీల్చుకునేదాన్ని.

ఆ ఏడు తొలకరికి ముందు మా గేదె ఈనింది. దూడ మెడ నిమరబోయి పలుపు ఊడదీశాను. అది ఎగిరి తల్లి దగ్గరకు దూకి ఆ పూట పాలన్నీ తాగేసింది. పాలు పితకడానికి వచ్చిన అయ్య ఖాళీ చెంబు తిప్పి చూసుకుని, నన్ను చూసి, గొంతు బరువుగా పెట్టాడు.

"ఇంకేటి సేస్తాం! ఆదివారం మామ్మొస్తాది. గుంటనిచ్చీసి తవుడు తెచ్చీసుకుందాం. గేదెకైనా పనికొస్తాది."

అది శుక్రవారం. ఆ రెండు రోజులూ నేను మహా బుద్ధిమంతురాలినయ్యాను. వాకిలి ఊడ్చాను. ఆనపకాయ కూర అడిగి మరీ తిన్నాను. శనివారం సాయంత్రం ఇంకో ఉపాయం తట్టింది. చిరిగిన గుడ్డ అయితే అంగడివాడు వెనక్కి తీసుకోడని అమ్మ ఒకసారి అనగా విన్నాను. గోడకు మోకాలు గీరుకున్నాను. రక్తం బొట్టు వచ్చింది. మంట పుట్టింది గాని ధైర్యం పుట్టలేదు.

ఆదివారం పొద్దున్న నూతి దగ్గర సత్తు గ్లాసుతో నీళ్లు తాగుతుంటే వీధిలోంచి ఆవిడ గొంతు వినబడింది. గ్లాసు నూతి గట్టు మీదే వదిలేసి తలుపు చాటుకు పరిగెత్తి సందులోంచి చూశాను.

మామ్మ వంగి గుమ్మంలోకి వస్తోంది. నెత్తి మీద గంప. గంప నిండా తవుడు. పైన గోపురంలా పోసి ఉంది.

"ఏదీ నా గుంట? తవుడు తెచ్చీసినాను. ఎల్లిపోదాం రమ్మనండి."

అయ్య అరుగు మీద కూర్చుని పెదవి కొరుకుతున్నాడు. నవ్వు ఆపుకుంటున్నాడని ఇప్పుడు తెలుసు. ఈనిన గేదెకు తవుడు చాలక ఆయనే తెమ్మని కబురంపాడు. ఆ మాట అనమన్నదీ ఆయనే. అప్పుడు మాత్రం ఆ పెదవి కొరుకుడు నాకు బాధలా కనబడింది. పాపం, ఇవ్వక తప్పక ఇచ్చేస్తున్నాడనుకున్నాను.

అమ్మ గడ్డికి వెళ్లింది, ఇంట్లో లేదు. అమ్మ వచ్చేలోగా నన్ను పట్టుకుపోతారు.

నడిమి గదిలో గాదె ఉండేది. వెదురు తడిక అల్లి, పేడమట్టి మెత్తి, మనిషెత్తున నిలబెట్టింది. పైన మూత తడిక. పక్కనున్న అటక మెట్టెక్కి, తడిక జరిపి, లోపలికి దూకేశాను. తొలకరి ముందు కాబట్టి అడుగున మోకాలి లోతు వడ్లే ఉన్నాయి. పడ్డ అదురుకు మూత దానంతటదే జారి మూసుకుంది.

చీకటి. వేడి. గింజల మీద నిలబడదామంటే కాళ్లు దిగిపోతున్నాయి. కదిలినకొద్దీ దుమ్ము లేచి గొంతులో కూర్చుంటోంది. ఒళ్లంతా దురద. మట్టి పెచ్చు ఊడినచోట దారప్పోగంత వెలుగు వస్తోంది. దానికి కన్ను ఆనించి కూర్చున్నాను. పైకి చేయి చాపితే మూత అందలేదు. దూకేముందు ఎలా దూకాలో ఆలోచించాను గాని ఎలా బయటికి రావాలో ఆలోచించలేదు. ఇప్పటికీ నా ఆలోచనలన్నీ ఆ గాదె దాకానే వెళ్తాయి.

ముందు అయ్య గొంతు నవ్వుతూ వచ్చింది. "ఒసే గుంటా, బయటికి రా. మామ్మ ఎల్లిపోతంది."

తర్వాత అదే గొంతు కొంచెం నవ్వుతూ వచ్చింది. "రాయే. నాటకాలాడినాం. తవుడు గేదెకే."

నమ్మలేదు. నమ్మించి పట్టుకోవడం అయ్యకు అలవాటే కదా.

ఆ తర్వాత ఆ గొంతులో నవ్వు లేదు. గడ్డిమేటు వెనక, గేదెల సాలలో, పక్కింట్లో నా పేరు వినబడింది. అమ్మ వచ్చింది. "గుంటేది?" అంది.  అప్పుడు ఎవరో పెరట్లోంచి అరిచారు. "గ్లాసు ఇక్కడున్నాది! నూతి గట్టు మీదున్నాది!"

 తర్వాత ఇనుము ఇనుముకు తగిలిన చప్పుడు. ఆ చప్పుడు నాకు తెలుసు. పాతాళగరిగె. నూతిలో పడ్డ బిందెలను తీసే కొక్కేల గుత్తి. తాడు గిలక మీద కిర్రుమంటూ కిందకు దిగుతోంది. నీళ్లు కలియబెడుతున్న చప్పుడు. నన్ను వెతక్కుండా ఈ వేళప్పుడు బిందె కోసం వెతుకుతారేమిటా అనుకున్నాను. ఒక్క క్షణం కోపం కూడా వచ్చింది. ఆ తర్వాత, ఎలాగో, బిందె కోసం కాదని అర్థమైంది.

అరవబోయాను. గొంతులో దుమ్ము తప్ప మాట లేదు. ఆ పక్కన తాడు మళ్లీ దిగింది.

అప్పుడు అమ్మ అరిచింది. ఆ అరుపు నేను అంతకు ముందు వినలేదు.

"నా పిల్లే! నాను కన్న పిల్లే! తవుడూ లేదు, ఏటీ లేదు, నా కడుపున పుట్టిన పిల్లే అది! ముగ్గుర్లో ఇదొక్కర్తే కదా మిగిలినాది నాకు!"

ఎన్నేళ్లుగానో నేను వినాలనుకున్న మాట అది. విన్నప్పుడు నేను వడ్లలో మోకాళ్లదాకా కూరుకుపోయి, ఊపిరందక, గాదె గోడను కాళ్లతో తంతున్నాను. సంతోషించడానికి తీరిక లేకపోయింది.

"ఉండండ్రా! కాసేపు నోర్మూసుకోండి!" మామ్మ గొంతు. అడుగుల చప్పుడు గదిలోకి వచ్చింది. "గాదెలో గింజ కదుల్తంది. ఎలకయితే సరసరమంటాది. ఇది తొక్కుడు."

మూత తీశారు. వెలుగులోంచి చెప్పు అట్టల్లాంటి రెండు చేతులు దిగి నా చంకల కింద పట్టుకున్నాయి. ఏ చేతులకు భయపడి దూకానో ఆ చేతులే నన్ను పైకి లాగాయి. వద్దనడానికి ఓపిక లేదు. మామ్మ నన్ను చంకనేసుకుని వాకిట్లోకి తెచ్చింది. ఇద్దరికీ జుట్టు మీద, కనుబొమల మీద, కంటిరెప్పల మీద తెల్లటి దుమ్ము. మమ్మల్నిద్దర్నీ అలా చూసినవాళ్లెవరైనా నేను ఆవిడ కూతుర్నని ప్రమాణం చేసేవారు.

అమ్మ చేతులు చాపి పరిగెత్తుకు వచ్చింది. రెండడుగుల దూరంలో ఆగిపోయింది. చాపిన చేతులు వెనక్కి తీసుకుంది. గుమ్మం వైపు, పైకప్పు వైపు చూసింది. నేను అడిగిన రోజు చూసినట్టే.

"నానేటన్నాను?" అంది చిన్నగా. "గట్టిగా అనీసినానా?"

 నూతి దగ్గర తడిసిన పాతాళగరిగె పట్టుకుని అయ్య నిలబడి ఉన్నాడు.  మామ్మ ఆయన మీద విరుచుకుపడింది.

"ఇద్దర్ని మట్టిలో పెట్టినోళ్లు మీరు. మూడోది మీది కాదు, నాది అనిపించుకోడానికే కదా నా సేతిలో పెట్టి తవుడిచ్చి కొనుక్కున్నారు. సావుని మోసం సెయ్యడానికి ఆడిన మాట, నాయనా, దాంతో గుంటని ఏడిపిస్తావేటి? నానూ ముసల్దాన్ని, నీ మాట పట్టుకుని ఆడినాను. నాకు సిగ్గులేదు."

అంటే అదీ సంగతి. చేటు తప్పించడానికి చేట. నాకంటే ముందు ఇద్దరు పుట్టి పోయారు. మూడోది అమ్మది కాదని, ఎవరిదో అని, తవుడికి కొన్న చవక సరుకని చాటితే, తీసుకుపోవడానికి వచ్చేది ఏదైనా మోసపోయి వెళ్లిపోతుంది. అందుకే అడిగి తెచ్చిన గుడ్డలు. అందుకే నా పేరు. అందుకే ఎవరో ఒకరి పిల్ల కోసం ఉప్పు లేని కూడు. ఏడేళ్లూ అమ్మ దాచిన మాట నా మూలాన ఇప్పుడు వాకిట్లో, అందరి ముందూ, ఆకాశం కింద బయటపడింది.

అమ్మ ముఖంలో రక్తం లేదు. "వినీసుంటాది కదా అత్తా," అంది మామ్మతో. ఎవరు విన్నారో అనలేదు. ఎవరూ అడగలేదు. అంతవరకూ నా భయం నాదే అనుకున్నాను. నా భయం అమ్మ భయం ముందు దూడంత.

మామ్మ నన్ను చంకలో ఎగదోసుకుంది. "వింటే విననీ. గాదెలోంచి తీసిందెవరు? నాను. దొరికినోళ్లది గుంట. కొంటావా మరి?"

అమ్మ కళ్లు తుడుచుకుని చేట అందుకుంది. తెచ్చిన గంపలోంచి తవుడు ఎత్తబోయింది.

"నా తవుడు నాకే ఇస్తావేటే కోడలా! మీ ఇంటిదయ్యుండాల."

మా ఇంట్లో తవుడు లేదు. ఉన్నదంతా గేదె తిన్నది. అయ్య పాతాళగరిగె కింద పడేసి వీధిలోకి పరిగెత్తాడు. మా అయ్య పరిగెత్తడం నేను చూడటం అదే మొదలు, అదే ఆఖరు. పక్కింట్లో అడిగి తెచ్చినా మా గుమ్మం లోపల పోస్తే మా ఇంటిదే అవుతుందని మామ్మ వెనకనుంచి తీర్పు చెప్పింది. అయ్య కాళ్లకు చెప్పులు లేవు, భుజం మీద కండువా లేదు.

ఈలోగా మామ్మ నన్ను గుమ్మం దాటించి వీధిలోకి తీసుకుపోయింది. అంతా తెలిశాక కూడా గడప దాటుతుంటే ఆవిడ భుజం మీదుగా వెనక్కి తిరిగి అమ్మను చూశాను. నేను పుట్టినప్పుడు చేసినట్టే పెంటకుప్ప పక్కన చేట పెట్టి నన్ను అందులో కూర్చోబెట్టింది. పుట్టిన పిల్లకు సరిపోయిన చేట ఏడేళ్ల దాని కింద చిటపటమంది. వెదురు రెండుచోట్ల విరిగింది. కాళ్లు బయటే ఉన్నాయి. ఊరంతా చూస్తోంది. మా బడి పిల్లలూ ఉన్నారు. మళ్లీ నన్ను ఎత్తుకుని మామ్మ గుమ్మం బయట నిలబడింది.

లోపలి నుంచి అమ్మ అడిగింది. "ఎవరి గుంట?"

"నా గుంట."

"అమ్ముతావా?"

మామ్మ నన్ను చూసింది. తెల్లటి రెప్పల కింద ఆ కళ్లు అంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు. ఆవిడకు పిల్లలు లేరని నాకు తర్వాతెప్పుడో తెలిసింది. నా కింద ఆవిడ చేయి బిగిసింది. గుమ్మం లోపల అమ్మ ద్వారబంధం పట్టుకుని నిలబడింది. ఇవ్వనంటుందని నేననుకున్నాను. అమ్మ కూడా అనుకుందేమో.

"అప్పుడు పిడికెడుండేది, సేటకిచ్చినాను," అంది మామ్మ చివరికి. "ఇప్పుడు సేట ఇరిగిపోయినాది. రెండు సేటలయితే ఇస్తాను."

ఎవరో నవ్వారు. అయ్య ఆయాసపడుతూ తెచ్చిన తవుడు అమ్మ ఇంకో చేటతో రెండుసార్లు కొలిచి, ఖాళీ చేసిన గంపలో పోసింది. పోసే తొందరలో సగం నేల పాలైంది. మామ్మ వంగి నన్ను గడప అవతలికి అందించింది. అమ్మ అందుకుంది. ఆవిడ గుండె నా చెవి కింద రోకలి పోట్లలా కొట్టుకుంటోంది.

"తవుడికి కొన్నాను," అంది అమ్మ పైకి చూసి, గట్టిగా. "రెండు సేటలు."

ఎముకలు నొప్పెట్టేలా పట్టుకుంది. 

నెల తిరక్కుండానే రాజాం నుంచి చుట్టం ఒకాయన వచ్చాడు. మంచినీళ్లు తాగి, నా వైపు చూసి, "మీ గుంటేనా బావా?" అన్నాడు.

మా అయ్య నోరు తెరిచాడు. పాత మాట నాలుక చివరిదాకా వచ్చినట్టుంది. నన్ను చూసి మింగేశాడు. నెమ్మదిగా, మామూలు మనిషిలా, "ఆ, మా పిల్..." అని మొదలుపెట్టాడు.

పొయ్యి దగ్గర అమ్మ చేతిలో గరిటె ఆగింది.

"కాదు!" అని అరిచాను. అంత గట్టిగా నేను బడిలో పద్యం కూడా అప్పజెప్పలేదు. గుమ్మానికి, పెరటికి, పైకప్పుకు, అన్నిటికీ వినబడాలని అరిచాను. "తవుడికి కొన్నారు! దంపుళ్ల మామ్మ కాడ! రెండు సేటలు!"

చుట్టం పగలబడి నవ్వాడు. అయ్య నవ్వలేదు, తల దించుకున్నాడు. అమ్మ ఇటు తిరగలేదు గాని గరిటె మళ్లీ కదిలింది.